మోటారుబండి బ్యాటరీ : గృహిణు లెఱుగవలసిన సంగతులు



పొయ్యి యాఱిపోయినచో మఱల నెట్లు రగుల్చుకొనవలెనో మన మెఱుగుదుము. డబ్బాలో బియ్యము నిండుకొన్నచో నేమి చేయవలెనో యెఱుగుదుము. ఇంట నెవ్వరికైన జ్వరము తగిలినచో మొదట నేమి యీయవలెనో, వైద్యుని నెప్పుడు పిలువవలెనో యెఱుగుదుము. కాని వాకిట నిలిచియున్న మోటారుబండి యొకనాడు కదలక మొరాయించినచో, "అది మగవారు చూచుకొను పని" యని చేతులు ముడుచుకొని కూర్చుందుము. నేనును అట్లే యుండెడిదానను. ఒక్క రాత్రి నా కా యలవాటును మాన్పినది. ఆ సంగతి చెప్పి, ఆనాడు నేను నేర్చుకొన్నదియు, తరువాత విచారించి తెలిసికొన్నదియు మీ ముం దుంచెదను.

తుపాను తరువాత మూడవ రాత్రి

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేది ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము నొద్ద తీరము దాటెను. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి మహావృక్షములు వేళ్లతో లేచిపోయినవి; విద్యుత్ స్తంభములు నేలకొఱిగినవి. నగరమంతయు చీకటి. మా వీధిలో కొళాయిలకు నీరు లేదు, టెలిఫోనులు పలుకవు. మా వారు ఉద్యోగపు పనిపై హైదరాబాదునకు పోయి యుండిరి. ఇంట అత్తగారు, మామగారు, కళాశాలలో చదువుకొనుచున్న మా మరిది, నేను.

ఆ దినములలో మేము చేసిన తెలివితక్కువ పని యొకటి కలదు. సెల్ ఫోనులను బండిలో పెట్టి చార్జి చేసికొంటిమి. వార్తలకై బండిలోని రేడియోను గంటల తరబడి వింటిమి. రాత్రులు లోపలి దీపమును వెలిగించి యుంచితిమి. ఇంజనును మాత్రము నడుపలేదు. పెట్రోలు మిగిలినది గదా యని మాలో మేము సంతోషించితిమి.

మూడవ రాత్రి పది గంటలవేళ మామగారికి ఆయాసము హెచ్చినది. ఆయనకు చిరకాలముగా ఉబ్బసపు వ్యాధి కలదు. పీల్చు మందు రెండుమా ర్లిచ్చినను ఉపశమింపలేదు. ఆసుపత్రికి పోక తప్పదు. మరిది బండిలో కూర్చుండి తాళము త్రిప్పెను. ఇంజను తిరుగలేదు, టకటక మని చప్పుడై యూరకున్నది. దీపములు మినుకుమినుకు మని చల్లాఱినవి. మా బండి తనంతట గేర్లు మార్చుకొను తరగతిది. అట్టి బండిని వెనుకనుండి త్రోసి నడిపించుటకు వీలులేదు. పొఱుగువారి బండిమీద వేపచెట్టు పడి యుండెను.

మా యెదురింట నొక పిన్నిగారు కలరు. కళాశాలలో పదార్థవిజ్ఞానశాస్త్రమును బోధించి విశ్రాంతి తీసికొన్నవారు. వారి యింట చిన్న పెట్రోలు జనరేటరు కలదు. దానితో నీళ్ల మోటారు నడిపించి, సాయంకాలము వీధివారి కందఱకు బిందెడేసి నీళ్లు పోయించెడివారు. మరిది పరుగెత్తి వారి నడిగి ఆ యంత్రమును తెచ్చి, మా వసారాలో, మామగారి గది కిటికీ ప్రక్కనే పెట్టి నడుపబోయెను. వెనుకనే వచ్చిన పిన్నిగారు, "ఆగు నాయనా! ఆ కిటికీ ప్రక్కన దానిని నడిపితివా, మీ నాన్నగారు ఆసుపత్రికి చేరరు" అని కేకవేసిరి. ఆ మాట అప్పుడు నాకు కటువుగా తోచినది. కారణము తెలిసిన పిమ్మట చేతులెత్తి నమస్కరించితిని.

జనరేటరును దొడ్డి చివరకు, ఇంటికి ఇరువది అడుగులకు మించిన దూరమునకు మోయించిరి. బండిలోని బ్యాటరీని విప్పించి అక్కడికే తెప్పించిరి. తీగలు తగిలించి, యంత్రమును నడిపించి, "ఇక నలువది నిమిషములు ఓర్చుకొనవలెను" అనిరి. అత్తగారు మామగారిని నిటారుగా కూర్చుండబెట్టి వీపు నిమురుచుండిరి. నా చేతులు వణకుచుండుట చూచి కాబోలు, పిన్నిగారు నన్ను తమ ప్రక్కనే నిలుపుకొని, "ఊరక గడియారము చూచిన కాలము గడవదు, అమ్మాయీ! ఇది యేమిటో తెలిసికొనుము" అని మెల్లగా చెప్ప నారంభించిరి.

బ్యాటరీలో నేమున్నది?

మోటారుబండి బ్యాటరీ యొక పెట్టె. అందులో ఆఱు అఱలు. ఒక్కొక్క అఱ రెండు వోల్టులకు కొంచె మెక్కువ బలము నిచ్చును. ఆఱును కలిసి పండ్రెండు వోల్టుల బ్యాటరీ యగును. అఱలలో సీసపు పలకలును, సీసమును ప్రాణవాయువును కలిసిన పదార్థము పూసిన పలకలును వరుసగా నిలిపి, నీరు కలిపిన గంధకికామ్లమును పోసి యుందురు. ఫ్రాన్సు దేశస్థుడైన గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన యేర్పాటిది. నూటయేబదేండ్లు దాటినను మూలసూత్రము మాఱలేదు.

మనము దీపము వెలిగించినపుడు ఆమ్లములోని సారము రెండు విధములగు పలకలకును పట్టుకొనును, ద్రవము నీళ్లనీళ్లగును. చార్జి చేయుట యనగా, బయటినుండి విద్యుత్తును ఎదురుదిక్కున పంపి, ఆ సారమును పలకలనుండి విడిపించి మఱల ద్రవములోనికి తెచ్చుటయే. అందుచేతనే నిండు బ్యాటరీలోని ద్రవము నీటికంటె సుమారు 1.27 రెట్లు బరువుండును. పూర్తిగా తఱిగిన దానిలో 1.12 రెట్లకు దిగును. పాలలో నీళ్లు కలిపిరేమో చూచుటకు లాక్టోమీటరు ముంచినట్లే, దీనికిని హైడ్రోమీటరు అను సాధనము కలదు. వోల్టుమీటరు ఉన్నచో మఱియు సులభము. కొన్ని గంటలు కదలించక యుంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నదనియు, 12.2 చూపినచో సగమే కలదనియు, 12కు దిగువ నున్నచో తఱిగిపోయినదనియు తెలిసికొనవలెను.

తఱిగిన బ్యాటరీని వారములకొలది అట్లే విడిచిపెట్టినచో, పలకలకు పట్టిన సారము గట్టిపడి మఱల విడువదు. ఎండిన అంటు తోమినను వదలనట్లు! అట్టిదానికి ఎంత చార్జి చేసినను ప్రయోజనము స్వల్పము.

ఇంకొక భేదము గమనింపదగినది. ఇండ్లలో ఇన్వర్టరునకు వాడు బ్యాటరీ పలకలు దళసరివి. గంటలకొలది కొంచెము కొంచెముగా నిచ్చును. మోటారుబండి బ్యాటరీ పలకలు పలుచనివి, సంఖ్యలో ఎక్కువ. ఇంజనును త్రిప్పు కొలది క్షణములలో 150 మొదలు 200 ఆంపియర్ల వఱకు ఒక్కసారిగా కుమ్మరించును. అది పరుగుపందెపు గుఱ్ఱము వంటిది. దానిని గానుగకు కట్టరాదు. మేము చేసిన పొరపా టదియే.

జనరేటరు చేయు పని

తీగచుట్ట దగ్గఱ అయస్కాంతమును కదలించినచో ఆ తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. చిన్న ఇంజనుతో ఆ కదలికను నిలుపక సాగించుటయే జనరేటరు పని. అందు గోడ ప్లగ్గువలె 230 వోల్టుల విద్యుత్తు నిచ్చు రంధ్రములుండును. కొన్నిటిలో బ్యాటరీ కొఱకై పండ్రెండు వోల్టుల రంధ్రము వేఱుగా నుండును. తఱచుగా దానినుండి వచ్చునది 8 ఆంపియర్లకు దగ్గఱ.

"ఈ తీగలతోనే బండిని నేరుగా నడిపింపరాదా?" యని నే నడిగితిని. పిన్నిగారు నవ్వి, "చెంచాతో పోసిన నీటితో తిరుగలి తిరుగునా? చెంచాతో తొట్టి నింపి, తొట్టి నొక్కసారి కుమ్మరింపవలెను" అనిరి. లెక్కయు చెప్పిరి. ఇంజను త్రిప్పుటకు 150 ఆంపియర్లు నాలుగు సెకండులు కావలయు ననుకొందము. అది గంట లెక్కకు మార్చినచో ఆంపియర్-గంటలో ఆఱవవంతు మాత్రమే. 8 ఆంపియర్లు నలువది నిమిషములు పోసినచో ఐదు ఆంపియర్-గంటలకు మించి చేరును. మధ్య కొంత వృథా యైనను, ఒకటి రెండుమారులు తాళము త్రిప్పుటకు సాధారణముగా చాలును. ఒకసారి ఇంజను నడిచెనా, తక్కినది దానితోడి ఆల్టర్నేటరే నింపుకొనును.

పూర్తిగా నింపవలెనన్నచో నోపిక కావలెను. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ సగము తఱిగినచో, ఆ 8 ఆంపియర్లతో రెండున్నర మొదలు మూడు గంటలు పట్టును.

చేయవలసిన క్రమము

మొదట జనరేటరుతో వచ్చిన చిన్న పుస్తకమును చదువవలెను. వంటకు కూర్చుండకముందు దినుసులు చూచుకొన్నట్లే యిదియును. సామాన్యముగా పాటింపవలసిన వరుస యిది.

బండి తాళమును తీసివేసి, బ్యాటరీ నల్లతీగను, అనగా తీసివేత గుఱుతు గల దానిని, మొదట విప్పవలెను. ఎఱ్ఱతీగను తరువాత విప్పవలెను. మఱల బిగించునపు డెఱ్ఱది ముందు, నల్లది వెనుక. బండి యినుప శరీరమంతయు నల్లతీగతో కలిసియుండును గాన, ఎఱ్ఱది విప్పునపుడు పనిముట్టు ఎక్కడనైన తగిలినచో నిప్పురవ్వలు లేచును. నల్లది ముందే విప్పినచో ఆ భయము లేదు.

పెట్టె ఉబ్బినను, చీలినను, కారుచున్నను దానికి చార్జి చేయకూడదు. మూతలు తీయ వీలైన బ్యాటరీ యైనచో, పలకలు ద్రవములో మునిగియున్నవో లేదో చూడవలెను. పలకలు బయటపడియున్నచో అవి మునుగునంత మాత్రమే, చార్జి అయిన పిమ్మట గుఱుతువఱకు, శుద్ధజలమును, అనగా ఆవిరిపట్టి చల్లార్చిన డిస్టిల్డు వాటరును పోయవలెను. కొళాయినీరు, నూతినీరు పనికిరావు. వానిలోని ఉప్పులు పలకలను చెఱచును.

తీగలను ముందు జనరేటరునకు, పిమ్మట బ్యాటరీకి, ఎఱుపు కెఱుపు, నలుపునకు నలుపు తగిలించి, ఆ తరువాతనే ఇంజను నడుపవలెను. ముగించునపుడు ఇంజను నాపి, ముందు బ్యాటరీ వైపు విప్పవలెను. ఇట్లు చేసినచో బ్యాటరీ చెంత నిప్పురవ్వ పుట్టదు. చార్జి తీగలు తగిలియుండగా బండిని నడిపింపరాదు.

పండ్రెండు వోల్టుల రంధ్రమునకు బుద్ధి లేదు. బ్యాటరీ నిండినదో లేదో అది యెఱుగదు, పోయుచునే యుండును. కాబట్టి ప్రక్కన మనిషి యుండవలెను. ద్రవము తెఱలుచున్నట్లు బుడగలు హెచ్చినను, పెట్టె చేయి పెట్టలేనంత వేడెక్కినను వెంటనే ఆపవలెను. సావకాశము గలవారికి మేలైన పద్ధతి వేఱొకటి కలదు. జనరేటరు 230 వోల్టుల రంధ్రమునకు, తనంతట తగ్గించుకొను బ్యాటరీ చార్జరును తగిలింపవలెను. అది బ్యాటరీ నిండుకొలది ధారను సన్నగించును. మూతలు తీయ వీలులేని బ్యాటరీలకు, ఆ రకమునకు తగినదని వ్రాసియున్న ఇట్టి చార్జరునే వాడవలెను.

ప్రాణాపాయములు

ఇవి కంఠస్థము చేయదగినవి.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తుటిలో ప్రాణవాయువును మోయు పదార్థమును అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు మించిన గట్టితనముతో పట్టుకొనును. తలనొప్పి, వికారము, కన్నులు తిరుగుట మొదట కలుగును. పడని తిండి తింటిమి కాబోలని పండుకొన్నవారు మఱల లేవకపోవచ్చును. తలుపులు తెఱచియున్నను లోపల నడుపరాదు. వసారా, మెట్లక్రింద, కిటికీ ప్రక్క కూడదు. ఇంటికి ఇరువది అడుగులకు తక్కువ కాని దూరమున, పొగ ఇంటివైపు రాకుండ పెట్టవలెను. ఉబ్బసముతో శ్వాస అందక యున్న మామగారి కిటికీ ప్రక్కన మేము పెట్టబోయిన దిట్టి యంత్రము!

చార్జి యగు బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును. గాలిలో నూటికి నాలుగుపాళ్లున్నను అది నిప్పు తగిలినచో ప్రేలును. చీకటి గదా యని దీపమో, క్రొవ్వువత్తియో దగ్గఱ పెట్టరాదు. గాలి యాడుచోటనే చార్జి చేయవలెను.

ఆమ్లము కంటిలో పడినచో పదునైదు నిమిషములకు తక్కువ కాకుండ ధారాళముగా మంచినీటితో కడిగి వైద్యుని చూడవలెను. చర్మముపై పడినను వెంటనే కడుగవలెను. నేలపై ఒలికినచో వంటసోడా చల్లినయెడల విఱిగిపోవును.

మన కొఱకే చెప్పవలసిన దొకటి కలదు. బ్యాటరీ దగ్గఱకు పోవునపుడు గాజులు, ఉంగరములు తీసి పెట్టవలెను. గొలుసు లోపలికి దోపుకొనవలెను. బంగారము విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయును. గాజు ఎఱ్ఱకొనకును బండి యినుమునకును ఒకేసారి తగిలినచో క్షణములో కాలి చేయి మాడును. పైట బిగించి, కుచ్చెళ్లు ఎగదోపి, జడ ముడిచికొని మఱి తిరుగుచున్న యంత్రము చెంతకు పోవలెను.

పెట్రోలు పోయునపుడు ఇంజను నాపి, అది చల్లాఱిన పిమ్మటనే పోయవలెను. ఇక జనరేటరు తీగను ఇంటి గోడ ప్లగ్గునకు తగిలించి ఇల్లంతయు వెలిగింపబోవుట మహాపాపము. ఆ విద్యుత్తు వీధి తీగలలోనికి ఎదురెక్కి, స్తంభముపై మనకొఱకు పనిచేయుచున్న కార్మికుని ప్రాణము తీయగలదు.

ఆ రాత్రి ముగింపు

నలువది నిమిషములైనవి. పిన్నిగారు యంత్రము నాపించి, తీగలు విప్పించి, "ఈసారి నీవే బిగింపుము" అని నాతో ననిరి. గాజులు తీసి అత్తగారి చేతి కిచ్చితిని. బ్యాటరీని బండిలో నిలిపి ఎఱ్ఱది ముందు, నల్లది వెనుక బిగించితిని. మరిది తాళము త్రిప్పెను. ఒక్క క్షణము మూలిగి, ఇంజను నడిచెను. ఆ ధ్వనివంటి సంగీతము నే నింతవఱకు వినలేదు.

దారి పొడవునను చెట్టుకొమ్మలు తప్పించుకొనుచు ఆసుపత్రి చేరితిమి. అదియును జనరేటరు వెలుతురులోనే పనిచేయుచుండెను. ఆవిరి మందు పట్టించిరి. తెల్లవాఱుజామునకు మామగారు కన్నులు తెఱచి, "కాఫీ దొరకునా?" యని యడిగిరి. అత్తగారు నవ్వుచు నేడ్చిరి.

విద్యుత్తు తిరిగి వచ్చిన పిమ్మట ఆ బ్యాటరీకి పూర్తిగా చార్జి చేయించితిమి. నాటినుండి నెల కొకసారి నేనే దానిని చూచెదను. కొనలపై తెల్లని, పచ్చని పొడి పట్టినచో వంటసోడా కలిపిన నీటితో తోమి తుడిచి, వాసెలీను పూయుదును. బండి వాడని రోజులలో వారమున కొకసారి అరగంటసేపైన నడిపింపజేయుదును.

ఈ బ్యాటరీకిని స్త్రీలకును గల సంబంధ మొకటి చెప్పి ముగించెదను. 1888లో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, భర్త నిర్మించిన మోటారుబండిలో, ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌నకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. దారిలో కలిగిన చిక్కులను ఆమెయే సవరించుకొనెను. అయినను ఆ తరువాత చాలకాలము ఇంజనును ఇనుపకడ్డీతో చేత త్రిప్పవలసియుండెడిది. అది వెనుకకు తన్ని మణికట్లు విఱిగిన పురుషులే యనేకులు. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ సిద్ధపఱచిన విద్యుత్ సాధనముతో 1912లో కాడిలాక్ బండ్లు వెలువడినవి. అందు బ్యాటరీయే ఇంజనును త్రిప్పును. కండబలము తక్కువైనవారును అప్పటినుండి పరుల సాయము లేక బండి నడుపగలిగిరి. అట్టి బ్యాటరీని "మగవారి పని" యని మనము దూరముగా నుంచుట వింత గాదా?

ఇంట దీపము పెట్టు చేతికి ఆ దీపము ఎచ్చటనుండి వెలుగుచున్నదో తెలిసియుండుట మంచిది. తుపాను ముందుగా చెప్పి వచ్చినను, ఆయాసము చెప్పి రాదు. తీరిక గల యొక పగటిపూట మీ యింటి బండి మూత యెత్తించి, ఎఱ్ఱకొన యేదో, నల్లకొన యేదో చూచి యుంచుకొనుడు. మీ ఆడపిల్లలకును చూపుడు.